సత్తమ్మ సాక్ష్యం

నవంబర్ 6, గురువారం

నాలుగో రోజు. జ్వరం నూట ఒకటి. నిన్న నూట మూడు. అంటే గెలుస్తున్నది నేనే.

డాక్టర్ ఫ్లూ అన్నాడు. జ్వరం పోయేదాకా ఎవరి పక్కనా కూర్చోవద్దన్నాడు. మా ఆయన విజయ్ కుమార్ ఆ మాట పట్టుకుని నన్ను వెనక గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేశాడు. మామూలుగా నేను చెప్పింది ఒక్కటీ గుర్తుండదు ఈయనకు. డాక్టర్ చెప్పింది మాత్రం మూడు పూటలా అప్పజెబుతున్నాడు.

గోడలు చూసీ చూసీ విసుగొచ్చి ఈ డైరీ తీశాను. కంపెనీ వాళ్లు రెండేళ్ల కింద ఇచ్చింది. మా అమ్మాయి గ్రేస్ లెక్కలు చేసుకున్న మూడు పేజీలు తప్ప అంతా ఖాళీ. ఎవరూ చదవరు కాబట్టి నిజం రాసుకుంటాను. జబ్బు పడటం నాకు చేతకాదు. నాచారంలో ఇంజక్షన్ల కంపెనీలో పదకొండేళ్ల నుంచి పని చేస్తున్నాను. ఒంట్లో బాగాలేక సెలవు పెట్టింది రెండే రెండుసార్లు. నా పని చూడటం. సీసాను లైటు కింద పట్టుకుని తెల్ల బోర్డు ముందు ఐదు సెకన్లు, నల్ల బోర్డు ముందు ఐదు సెకన్లు. లోపల వెంట్రుక ఉన్నా, నలక ఉన్నా నా కంటికి దొరికి తీరాలి. అనుమానం వచ్చిందా, పక్కన పెట్టేయాలి. మళ్లీ మళ్లీ తిప్పి చూసి, సరేలే అని పాస్ చేయడం మా దగ్గర దొంగతనంతో సమానం. కొత్త పిల్లలకు ఈ మాట నేర్పేది నేనే.

సాయంత్రం దీప ఫోన్ చేసింది. నా పక్క సీటు పిల్ల.

"మరియా అక్కా, నువ్వు లేకుంటె లైన్ మొత్తం సప్పగున్నది. ఎప్పుడొస్తవ్?"

"సోమవారం" అన్నాను. డాక్టర్‌ను అడగలేదు. నా ఒళ్లు నాకు తెలియదా?

నవంబర్ 7, శుక్రవారం

దగ్గు. అత్తమ్మ సేమ్యా ఉప్మా పంపింది. రుచి తెలియలేదు. బాగుందని చెప్పాను.

నవంబర్ 8, శనివారం

జ్వరం లేదు! తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. రెండుసార్లు చూశాను. తలస్నానం చేసి, గది తలుపు బార్లా తెరిచి, హాల్లోకి వచ్చి కూర్చున్నాను. అందరికీ పండగ. విజయ్ సాంబార్ ఇడ్లీ తెచ్చాడు. గ్రేస్ మాస్కు పెట్టుకుని దూరం నుంచే "మమ్మీ, నీ మొఖం మస్తు గుంజుకపోయింది" అంది. ఇంటర్ చదివే పిల్లకు ఇంతకంటే మంచి మాట వస్తుందని నేనూ అనుకోలేదు.

అత్తమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున అత్తమ్మ చర్చికి, అదే మా మందిరానికి, పోనని కూర్చుంది. నన్ను ఒక్కదాన్ని వదిలి ఎట్లా పోతానని. ఈ ఇంట్లో సత్తమ్మ మందిరానికి పోని ఆదివారం నాకు తెలిసి లేదు. ఉప్పల్ చెరువు పొంగి రోడ్ల మీదికి నీళ్లొచ్చిన రోజు కూడా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పోయింది.

"బాగైందా బిడ్డా? నిజం జెప్పు" అని అడిగింది.

"బాగైంది అత్తమ్మా. నువ్వు పో" అన్నాను. ఆమె మెట్లు దిగుతుంటే నాకు దగ్గు వచ్చింది. దిండులో మొహం పెట్టి దగ్గాను. వెళ్లే మనిషిని ఆపడమెందుకని.

పన్నెండున్నరకు గ్రేస్ పరుగెత్తుకొచ్చి చెప్పింది. "మమ్మీ, నానమ్మ సాక్ష్యం జెప్పింది!"

నేను నమ్మలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఎందుకు నమ్మలేదో రాసుకోవాలి. తొమ్మిదేళ్ల కింద మామయ్య రాజయ్య కామెర్లతో దవాఖానాలో ఉండి, తన కాళ్ల మీద తను నడిచి ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారం పాస్టర్ అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా" అని అడగగానే అత్తమ్మ లేచి, నా పెనిమిటిని దేవుడు బాగు చేసిండని అందరి ముందు చెప్పింది. గురువారం మామయ్య పోయాడు. ఏడ్చినవాళ్లే తర్వాత నవ్వారు. స్త్రీల సమాజానికి పెద్ద తారామణి. ఆమె నోట పుట్టింది ఆ మాట. ప్రార్థన కూడికలో కరెంటు పోయి వస్తే, ఎవరైనా "వచ్చింది" అని చప్పట్లు కొడితే, "ఆగుండ్రి, సత్తమ్మ సాక్ష్యం గావొద్దు" అనేది. అది నాలుకలకు అలవాటైపోయింది. పెళ్లి కుదిరిందంటే సత్తమ్మ సాక్ష్యమా అని అడుగుతారు. పరీక్ష పాసైందంటే సత్తమ్మ సాక్ష్యమా అంటారు. ఒకసారి మా అత్తమ్మ ఎదురుగానే ఎవరో నోరు జారారు. ఆమె అందరితో కలిసి నవ్వింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. తొమ్మిదేళ్లుగా సాక్ష్యాల సమయం రాగానే తల వంచుకుని బైబిల్ అట్ట సర్దుకుంటూ కూర్చునేది.

అలాంటి మనిషి ఈ రోజు లేచింది. గ్రేస్ చెప్పినట్టే రాస్తున్నాను. "నా కోడల్ని దేవుడు బాగు జేసిండు. చాయ్ తాగింది, ఇడ్లి తిన్నది, నన్ను మందిరానికి పో అని తరిమింది గూడ." అందరూ నవ్వారట. ఈసారి మంచి నవ్వేనట.

అత్తమ్మ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే చూశాను. పదేళ్లు చిన్నదానిలా ఉంది.

నేను బాగయ్యాను. కాకపోతే కావాల్సిందే. ఇంక ఇందులో మాట్లాడటానికి ఏమీ లేదు.

నవంబర్ 10, సోమవారం

పనికి పోలేదు. ఇంకో వారం ఆగమని డాక్టరే అన్నాడు, నేను కాదు.

తారామణక్క వచ్చింది, బత్తాయిలు పట్టుకుని. సాక్ష్యం విన్నాక చూసి పోదామని వచ్చిందంట. చూడటమంటే నిజంగా చూసింది. కాళ్ల నుంచి తలదాకా. మా లైన్‌లో పెట్టినా పనికొచ్చే కళ్లు.

"మంచిగనే కనవడుతున్నవ్. దగ్గు గిట్ల లేదా?"

"ఏం లేదక్కా."

ఆమె ఇరవై నిమిషాలు కూర్చుంది. ఇరవై నిమిషాలు దగ్గును గొంతులోనే మింగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ నెగ్గాను. ఆమె మెట్లు దిగాక బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి దగ్గాను. దగ్గింది ఆరు సార్లే.

అత్తమ్మ వంటింట్లో పాట పాడుకుంటోంది. నేనీ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో పాడేది అలా.

నవంబర్ 11, మంగళవారం

మధ్యాహ్నం కాస్త ఒళ్లు వేడిగా ఉంది. కిటికీ పక్కన పడుకున్నాను కదా, ఎండకు.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సిజన్ మిషన్ అల్మారాలో దొరికింది. వేలికి పెట్టుకునేది. చూపుడువేలికి పెడితే 93 అంది, 95కు తగ్గకూడదంటారు. పాత మిషన్, బ్యాటరీలు కూడా పాతవి. చేతులు చల్లగా ఉంటే తక్కువ చూపిస్తుందని అప్పట్లో టీవీలో చెప్పేవాళ్లు. చేతులు రుద్దుకుని మధ్యవేలికి పెట్టాను. 94. ఎడమ చేతి ఉంగరపు వేలికి పెట్టాను. 95! సరిగ్గా పనిచేసే వేలు అదే.

నవంబర్ 12, బుధవారం

95. నిన్నటి వేలే. రెండుసార్లు 92 చూపించి మూడోసారి 95కు వచ్చింది.

మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయాను. లేచి చూస్తే అత్తమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఒడిలో చింతపండు, పక్కన గింజల గిన్నె. గిన్నెలో ఒక్క గింజ కూడా లేదు.

"ఏందత్తమ్మా?"

"ఏం లేదు, పండుకో."

రాత్రి భోజనాల దగ్గర కొత్త సంగతి చెప్పింది. శుక్రవారం మన ఇంట్లో కృతజ్ఞత కూడిక. తారామణక్క పట్టుబట్టిందంట, దేవుడు బాగు చేసినప్పుడు పిలిచి నలుగురికి చెప్పుకోవాలి కదా అని. ఇరవై మంది దాకా వస్తారు. అత్తమ్మ ఈ మాటలన్నీ పప్పు గిన్నెతో చెప్పింది. నా మొహం చూడలేదు.

"పెడదాం అత్తమ్మా, దానిదేముంది" అన్నాను.

నవంబర్ 13, గురువారం

కుర్చీలు కింది ఇంటివాళ్లవి. చాయ్ కప్పులు మనవే సరిపోతాయి. నేను రెండు నిమిషాలు మాట్లాడాలి. ఏం మాట్లాడాలో నాలుగు వాక్యాలు కట్టుకున్నాను. అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. మూడో వాక్యానికి ఆయాసం వచ్చింది. నాలుగోది తీసేశాను.

నవంబర్ 14, శుక్రవారం

కూడిక అయింది. విజయ్ పడుకోమంటున్నాడు. అయినా రాస్తాను.

హాలు నిండింది. చెప్పులు మెట్ల దాకా ఉన్నాయి. పాటలు, వాక్యం అయ్యాక అందరూ నా వైపు తిరిగారు. లేచాను. "నా కోసం ప్రార్థన చేసిన మీ అందరికీ" అన్నాను. అంతే. తర్వాతి మాట ఉంది, గాలి లేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. గోడ పట్టుకుని కూర్చుండిపోయాను.

"స్తోత్రం!" అంది తారామణక్క. "సంతోషానికి మాట వస్తలేదు సూడుండ్రి పాపం!"

అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. ఇద్దరు ముగ్గురు నాతో పాటు ఏడ్చారు. ఒకామె వచ్చి నన్ను కౌగిలించుకుంది, ఉన్న కాస్త గాలి కూడా పోయింది. మా మందిరంలో సాక్ష్యం చెబుతూ ఏడవని మనిషి లేదు కాబట్టి నాదీ ఆ ఏడుపే అనుకున్నారు. ఇంత మంది కళ్ల ముందు ఊపిరాడక కూర్చుంటే ఇంత మందీ సంతోషపడ్డారు. నవ్వొస్తోంది ఇప్పుడు రాస్తుంటే.

అత్తమ్మ మాత్రం స్తోత్రం అనలేదు. నన్నే చూసింది. నేను చూడగానే చాయ్ కప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

రేపటికి తగ్గుతుంది.

నవంబర్ 16, ఆదివారం

ఏఎస్ రావు నగర్‌లో నర్సింగ్ హోమ్. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. ముక్కుకు సన్నటి పైపు. డైరీ గ్రేస్ తెచ్చింది, లోపల చూడలేదని ఒట్టు వేసింది. చూసే ఉంటుంది.

నిన్నటి సంగతి ముందు.

పొద్దున పళ్లు తోముకుని వంటింటి గడప దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాను. అత్తమ్మ పొయ్యి ఆర్పి, "ఎట్లున్నవ్?" అంది. ఆదివారం తర్వాత ఆమె ఆ మాట మళ్లీ అడగలేదని నాకు అప్పుడు తెలిసింది. బాగున్నాను అందామని "బా" అన్నాను. మిగతాది రాలేదు.

గ్రేస్ మిషన్ తెచ్చి నా చూపుడువేలికి తగిలించింది. 88.

"ఆ వేలు... కాదు. ఇది... పెట్టు" అని ఎడమ చెయ్యి చాపాను.

"వేళ్లు మార్చుడేంది మమ్మీ?" అంది గ్రేస్.

ఆ ఒక్క మాటతో పదిహేడేళ్ల పిల్ల నన్ను పట్టేసింది. తప్పున్న సీసాను పాసయ్యేదాకా తిప్పుతూ కూర్చున్నాను. ఇదే పని మా లైన్‌లో ఇంకెవరైనా చేస్తే ఆ రోజే గేటు బయట నిలబెట్టేదాన్ని. సిగ్గేసింది. చాలా భయం కూడా వేసింది, అది ముందే వేయాల్సింది.

అత్తమ్మ విజయ్‌ను కేకేసింది. "ఆటో పిలువురా, జల్ది!"

"అత్తమ్మా... నీ సాక్ష్యం" అన్నాను.

"నా సాక్ష్యం సట్టుబండలు గానియ్! నువ్వు నడువ్!"

పట్టుకుని మూడంతస్తులు దింపింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆటోలో నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద తెల్లగా ఉంది. ఫ్లూ తగ్గుతున్నప్పుడు న్యుమోనియా పట్టుకుందన్నారు. జ్వరం మళ్లీ తగిలినప్పుడే రావాల్సిందని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో విజయ్‌కు బయటికి పిలిచి చెప్పింది. ఆయన లోపలికి వచ్చి నా చెప్పులు మంచం కింద సర్ది, మళ్లీ తీసి, మళ్లీ సర్దాడు. దాంతో నాకూ తెలిసింది. నర్సు ఇంజక్షన్ సీసా తెస్తే చెయ్యి చాపి లైటుకు పట్టి చూశాను. శుభ్రంగా ఉంది. నర్సు నవ్వింది.

ఇప్పుడు ఈ రోజు సంగతి.

మా మందిరం ఆరాధన ఫోన్‌లో లైవ్ వస్తుంది. గ్రేస్ ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి పెట్టింది. అత్తమ్మ నన్ను చూడటానికి రాకుండా మందిరానికి పోయిందంటే కాస్త మనసు కష్టపడింది. సాక్ష్యాల సమయం వచ్చింది. అయ్యగారు అడగకముందే అత్తమ్మ లేచి ముందుకు నడిచింది.

"పోయిన ఐతారం ఈడనే నిలవడి నా కోడలు బాగైందని జెప్పిన. బాగు గాలె. దవాఖానల ఉన్నది. ముక్కుకు పైపు వెట్టిన్రు."

హాలంతా గుసగుసలు. ఆమె ఆగలేదు.

"కూడికల ఆమె మాట్లాడలేక కూసుంటె మీరు సంతోషం అనుకున్నరు. నేను అనుకోలె. నాకు బుధారం సందే తెల్సు. పగటీలి ఆమె పండుకుంటె గడప కాడ కూసొని ఊపిరి ఇన్న. మంచిగ లేకుండె. తెల్సి గూడ నోరు మూసుకున్న. ఆయన పోయినంక మీరు నవ్విన్రు గదా, మల్ల నవ్వుతరని. నా మాట కోసం ఆ పిల్ల దాసిపెట్టింది, నా మాట కోసం నేను దాసిపెట్టిన. తప్పు నాదే. అది సిన్నది, నేను పెద్దదాన్ని."

అయ్యగారు మంచివారే. ఆమెను తేలిక చేద్దామనుకున్నారేమో, మైకు దగ్గరికి వచ్చి అన్నారు: "అమ్మా, విశ్వాసంతో చెప్పండి. నా కోడలు స్వస్థపడింది అనండి. సంఘమంతా ఆమెన్ అంటుంది."

"అనను అయ్యగారు" అంది అత్తమ్మ. "ఇశ్వాసం ఉన్నది. ఊపిరే సరిగ లేదు. కానిది కాలేదనే జెప్త. అయినంక నేనే లేసి జెప్త. అప్పటిదాంక ప్రార్థన జేయుండ్రి. గంతే."

ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు ముందు వరుసలోంచి తారామణక్క కుర్చీ వెనక్కి జరిపి, మోకాళ్ల నొప్పులున్న మనిషి, నేల మీద మోకరించింది. ఆమె వెనక ఒక్కొక్కరే.

నేను ఏడ్చాను. ఈసారి నిజంగా ఏడుపే. నర్సు వచ్చి, ఏడిస్తే నంబర్ పడిపోతుందని తిట్టింది.

నవంబర్ 18, మంగళవారం

పైపు తీసేశారు. చూపుడువేలు 94. రాగి జావ రుచి తెలిసింది. ఉప్పు లేదు అందులో, చెప్పాను.

నవంబర్ 20, గురువారం

ఇల్లు. మెట్లెక్కడానికి పావుగంట. అంతస్తుకో కుర్చీ వేసి పెట్టాడు విజయ్. మహారాణిలా కూర్చుంటూ వచ్చాను.

నవంబర్ 23, ఆదివారం

నా పరువు మొత్తం పోయింది. తీసింది మా అత్తమ్మే.

ఎవరు ఫోన్ చేసినా నాకు ఇవ్వదు. తనే ఎత్తి మొత్తం అప్పజెబుతుంది. నిన్న దీప చేస్తే, "హాల్ల నాలుగు సుట్లు తిరిగింది, అయిదో సుట్టుకు కూసున్నది. రెండు పుల్కలు తిన్నది, మూడోది వద్దన్నది. దగ్గు పొద్దుగాల నాలుగు సార్లు, మాపటికి రెండు" అని చెప్పింది. కంపెనీలో నేను రాసే రిపోర్టు కూడా ఇంత వివరంగా ఉండదు. ఎందుకత్తమ్మా ఇవన్నీ అంటే, "ఉన్నది ఉన్నట్టు జెప్తున్న, నీకేమాయె?" అంది.

ఈ రోజు మందిరం నుంచి రాగానే అడిగాను. "చెప్పినవా?"

"ఏం జెప్పాలె?"

"నేను బాగైనానని. బాగయ్యాను అత్తమ్మా, నిజంగా."

కొంగుతో మొహం తుడుచుకుంటూ నన్ను ఒక నిమిషం చూసింది. అప్పుడే సందు చివర కూరగాయల బండి కనబడింది. మైకులో టమాటా పాట పెట్టుకుని తిరిగే బండి, మూడో అంతస్తు నుంచి గట్టిగా కేకేస్తే తప్ప ఆగదు. ఈ గల్లీలో ఆ బండిని ఒక్క కేకకు ఆపేది నేనొక్కదాన్నే. కింది ఇంటివాళ్లు కూడా నన్నే పిలవమంటారు.

"బాగైతె దాన్ని ఆపు" అంది అత్తమ్మ.

బాల్కనీలోకి పోయాను. ఊపిరి తీసుకుని "ఓ టమాటా!" అని అరిచాను. బండి సాగిపోతూనే ఉంది. మళ్లీ అరిచాను. మధ్యలో దగ్గు వచ్చింది. బండి మలుపు తిరిగింది.

అత్తమ్మ ఫోన్ మోగుతోంది. తారామణక్క. స్పీకర్‌లో పెట్టింది.

"సత్తమ్మక్కా, మరియాకు ఎట్లున్నది?"

"ఇంక గాలె" అంది అత్తమ్మ. "సగం అయింది, సగం గావాలె."

"తొందరేమున్నది అక్కా" అంది తారామణక్క. "రేపు పొద్దుగాల మల్ల జేస్త."

ఉల్లిగడ్డల బండి నాలుగింటికి వస్తుంది. ఆ బండివాడికి చెవులు బాగా వినిపిస్తాయి. బాల్కనీలోకి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.